బోటు లిథియం బ్యాటరీ: ఛార్జింగ్ 13.8 వోల్టుల దగ్గరే ఆగిపోతోంది, పంపు వేస్తే రిలే కొట్టుకుంటోంది

ఫైబర్‌బోటు విశాఖ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఉండే ఒక ఫైబర్ బోటుకు పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ తీసేసి లిథియం ప్యాక్ కట్టాం. ఆరు వారాలైంది, ఒకదాని తర్వాత ఒకటి ఇబ్బందులు వస్తున్నాయి. వివరాలన్నీ ఇస్తున్నాను, తప్పు ఎక్కడుందో చెప్పగలరు.

సెల్స్: లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 3.2 వోల్టులు, 100 ఆంపియర్ అవర్, నాలుగు సిరీస్‌లో. టెర్మినల్స్ అల్యూమినియం, సెల్స్‌ను కలిపే బస్‌బార్లు మామూలు రాగి పట్టీలు, ఎం6 బోల్టులు.
బీఎంఎస్ (సెల్స్‌ను కాపాడే బోర్డు): 4ఎస్ అంటే నాలుగు సిరీస్ సెల్స్‌కు, 100 ఆంపియర్లు, కామన్ పోర్టు (ఛార్జింగ్, లోడ్ రెండూ ఒకే వైరు మీద), బ్లూటూత్ యాప్ ఉంది.
బీఎంఎస్ తర్వాత: తెర మీద వోల్టేజీ చూపించే 30 ఆంపియర్ల రిలే (దానంతట అదే కలిపే, తెంచే స్విచ్) మాడ్యూల్. 12.0 దగ్గర కట్ అయ్యేలా, 12.5 దగ్గర మళ్లీ కలిసేలా పెట్టాం. ఇది బోటు వెనక భాగంలో స్విచ్ బోర్డు పక్కన ఉంది. బ్యాటరీ ముందు అరలో. మధ్య దూరం 5 మీటర్లు, వైరు 4 చదరపు ఎంఎం.
ఛార్జింగ్: 200 వాట్ల సోలార్ ప్యానెల్, 20 ఆంపియర్ల పీడబ్ల్యూఎం (కరెంటును పల్సులుగా పంపే రకం) కంట్రోలర్. గట్టు మీదైతే 14.6 వోల్టుల, 20 ఆంపియర్ల ఛార్జర్.
లోడ్: ఎల్‌ఈడీ లైట్లు 4 ఆంపియర్లు, ఎకో సౌండర్ (నీటి లోతు చూపేది), జీపీఎస్ కలిపి 2, వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు వింటున్నప్పుడు 1, అడుగు నీళ్లు తోడే పంపు 8. ఇంజిన్‌కు సొంత లెడ్ యాసిడ్ బ్యాటరీ వేరే ఉంది.

ఇబ్బందులు నాలుగు. ఒకటి, గట్టు మీద ఛార్జర్ పెడితే మొత్తం వోల్టేజీ 13.8 చేరగానే బీఎంఎస్ ఛార్జింగ్ ఆపేస్తోంది. యాప్‌లో 3వ సెల్ 3.68 చూపిస్తుంది, మిగతా మూడూ 3.37, 3.38 దగ్గరే ఉంటాయి. రెండు, పంపు స్విచ్ వేస్తే రిలే టకటకమని కొట్టుకుంటుంది, లైట్లు ఆరి వెలుగుతాయి. మూడు, ఒకసారి బ్యాటరీ పూర్తిగా దిగిపోయి బీఎంఎస్ కట్ చేసింది. ఆ తర్వాత రోజంతా ఎండ ఉన్నా సోలార్ కంట్రోలర్ తెర కూడా వెలగలేదు. నాలుగు, అలా కట్ అయ్యాక కూడా ఎకో సౌండర్ మాత్రం నడుస్తూనే ఉంది. తర్వాత చూస్తే 3వ సెల్ 2.1 వోల్టులకు పడిపోయింది. గట్టు మీద ఛార్జర్ పెట్టి మళ్లీ లేపాం.

3వ సెల్ పాడైందా? కొత్త సెల్ కొనాలా? లేక బీఎంఎస్ మార్చాలా?

---

గాజువాక ప్యాక్

ఏదీ కొనకు తమ్ముడూ, ముందు కొలతలు తీద్దాం. నాలుగు ఇబ్బందులకూ నాలుగు వేర్వేరు కారణాలు ఉండాలని లేదు.

లెక్క ముందు చెప్తాను. ఈ రకం సెల్ పూర్తి ఛార్జ్ గరిష్ఠ హద్దు 3.65, అడుగు హద్దు 2.5. నాలుగు సిరీస్ కాబట్టి 14.6, 10.0. బీఎంఎస్ చూసేది మొత్తాన్ని కాదు, ఒక్కొక్క సెల్‌ని. ఒక్కటి 3.65 దాటినా అందరికీ తలుపు మూసేస్తుంది. మీ మొత్తం 13.8 దగ్గర ఆగడానికి కారణం అదే: 3.37, 3.38, 3.68, 3.37 కలిపితే 13.80. బీఎంఎస్ తన పని తాను చేస్తోంది.

సెల్స్ సమానంగా లేవని మామూలుగా అనుకోవాలి. డబ్బాలోంచి తీసి నేరుగా సిరీస్ కట్టేసి ఉంటే, బీఎంఎస్‌లోని బ్యాలెన్సర్ (ఎక్కువ నిండిన సెల్‌ని కొంచెం ఖాళీ చేసి సమం చేసే భాగం) సరిచేస్తుందని వదిలేసి ఉంటే, అది ఎప్పటికీ జరగదు. ఈ బోర్డుల్లో బ్యాలెన్సింగ్ కరెంటు 50 మిల్లీఆంపియర్ల చుట్టుపక్కల ఉంటుంది. రెండు సెల్స్ మధ్య 5 ఆంపియర్ అవర్ తేడా ఉంటే అది కరగడానికి 100 గంటలు కావాలి, అదీ సెల్ నిండే దశలో ఉన్న గంటలు మాత్రమే లెక్క. అందుకే ప్యాక్ కట్టేముందు సెల్స్ అన్నీ ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ ప్యారలల్‌గా కలిపి, బెంచ్ పవర్ సప్లై 3.60 దగ్గర పెట్టి, కరెంటు 2 ఆంపియర్ల లోపు పడేదాకా నింపాలి. సప్లై వోల్టేజీ సెల్స్ తగిలించకముందే సెట్ చేసి, మల్టీమీటర్‌తో సరిచూసుకుని, మళ్లీ ఆ నాబ్ ముట్టకూడదు. కరెంటు తక్కువ పోతోందని వోల్టేజీ పెంచినవాళ్లే సెల్స్ ఉబ్బించుకుంటారు.

నాలుగో ఇబ్బంది నాకు అన్నిటికంటే భయం పుట్టిస్తోంది. బీఎంఎస్ కట్ చేసేది మైనస్ వైపు. బ్యాటరీ ప్లస్ ఎప్పుడూ సజీవమే. బోర్డు మీద బీ మైనస్ అంటే సెల్స్ వైపు, పీ మైనస్ అంటే బయటి ప్రపంచం వైపు. ఏ ఒక్క లోడ్ మైనస్ అయినా పీ మైనస్‌కు బదులు బీ మైనస్‌కు, అంటే 1వ సెల్ మైనస్ బోల్టుకు తగిలి ఉంటే దానికి రక్షణ లేనట్టే. లెడ్ యాసిడ్ ఉన్నప్పుడు ఎకో సౌండర్ మైనస్ నేరుగా బ్యాటరీ పోలుకు వేసి ఉంటారు, వైరు చివరి ఆ లోహపు లగ్గునే అలాగే తెచ్చి ఇక్కడా బిగించి ఉంటారు. 3వ సెల్‌ని 2.1కి లాగింది అదే.

పరీక్ష సులువు. యాప్‌లో డిశ్చార్జ్ ఆఫ్ చెయ్యి. మల్టీమీటర్ ఎర్ర ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద ఉంచి, నల్ల ప్రోబ్ ఒక్కో పరికరం మైనస్ మీద పెట్టు. స్విచ్‌లన్నీ ఆన్‌లో ఉండాలి. ఎక్కడా 13 వోల్టులు కనిపించకూడదు. కనిపించినచోట దొంగ దారి ఉంది. ఇంజిన్ బ్యాటరీ మైనస్ కూడా ఇదే బస్‌కు కలిపి ఉంటే దాన్నీ చూడు. కలిపితే పీ మైనస్‌కే కలపాలి. వీహెచ్‌ఎఫ్ యాంటెన్నా కేబుల్ మీది జాలీ (లోహపు అల్లిక) కూడా ఒక్కోసారి మైనస్‌లను కలిపేస్తుంది, అదీ మరిచిపోకు.

---

ఓమ్ లెక్క

పైన చెప్పినవి ఒప్పుకుంటాను, ఒక్క విషయం తప్ప. సెల్స్ సమానంగా లేవనే నిర్ణయానికి ఇప్పుడే రాకండి. ప్యాక్ విప్పి ప్యారలల్ కట్టకముందు ఒక చిన్న కొలత తీయండి.

ఛార్జర్ నడుస్తుండగా, యాప్ 3వ సెల్‌కి 3.6 దాటి చూపిస్తున్న సమయంలో, మల్టీమీటర్ ప్రోబులు 3వ సెల్ టెర్మినల్ లోహం మీదే పెట్టండి. బోల్టు తల మీద కాదు, లగ్గు మీద కాదు, బస్‌బార్ మీద అసలే కాదు. యాప్ అంకె, మీటరు అంకె ఒకటేనా కాదా చెప్పండి. తర్వాత పంపు, లైట్లు అన్నీ వేసి డిశ్చార్జ్‌లో కూడా ఇదే కొలత.

ఎందుకంటే, 2వ సెల్ ప్లస్‌కూ 3వ సెల్ మైనస్‌కూ మధ్య ఉన్న పట్టీ ఏ సెల్ లెక్కలోకి వస్తుందనేది సెన్స్ వైరు (బోర్డు సెల్ వోల్టేజీ చదివే సన్న వైరు) ఏ చివర బిగించారన్నదాన్ని బట్టి ఉంటుంది. 2వ సెల్ ప్లస్ చివర బిగిస్తే, ఆ పట్టీలో పడే వోల్టేజీ అంతా 3వ సెల్ ఖాతాలో రాసేస్తుంది బోర్డు. అతుకు బాగుంటే అది మిల్లీవోల్టుల మాట. అతుకు చెడితే అది వందల మిల్లీవోల్టులు. ఛార్జ్‌లో అదే సెల్ అందరికంటే పైన కనిపించి, లోడ్ మీద అదే సెల్ అందరికంటే కింద కనిపిస్తే తప్పు సెల్‌ది కాదు, అతుకుది. నిజంగా ముందే నిండిన సెల్ అయితే లోడ్ మీద మిగతావాటికంటే కింద ఉండాల్సిన పని లేదు.

అల్యూమినియం టెర్మినల్ మీద పూత లేని రాగి పట్టీ, పైన విశాఖ ఉప్పు గాలి. నాకు అనుమానం అక్కడే.

రిలే సంగతి. 4 చదరపు ఎంఎం రాగి వైరు, వెళ్లి వచ్చే దూరం 10 మీటర్లు. 0.0175ని 10తో గుణించి 4తో భాగిస్తే 0.044 ఓమ్. పంపు నడిచేటప్పుడు 8 ఆంపియర్లే కానీ, మోటారు కదలకముందు లాగేది దానికి మూడు నాలుగు రెట్లు. లైట్లు, సెట్లతో కలిపి ఒక్క క్షణం 35 ఆంపియర్లు అనుకోండి. వైరులోనే 1.5 వోల్టులు పోతాయి. బ్యాటరీ దగ్గర 12.9 ఉన్నా, వెనక ఉన్న మాడ్యూల్‌కు 11.4 కనిపిస్తుంది. 12.0 కంటే తక్కువ కాబట్టి కట్. కట్ కాగానే లోడ్ లేదు, వోల్టేజీ మళ్లీ 13కు ఎగుస్తుంది. 12.5 దాటింది కాబట్టి కలుస్తుంది. మళ్లీ పంపు, మళ్లీ కట్. ఆ టకటక ఇదే. ప్రతి టక్కుకూ మోటారు స్టార్టింగ్ కరెంటు కాంటాక్టుల మీద నిప్పురవ్వ కొడుతుంది, కొన్నాళ్లకు అవి అతుక్కుపోతాయి. అతుక్కుంటే రిలే కట్ చేయడం మానేస్తుంది, తెర మీద మాత్రం ఆఫ్ అనే చూపిస్తుంది.

మార్చాల్సినవి: మాడ్యూల్‌ని బ్యాటరీ అరలోకి, బీఎంఎస్ పక్కకు తేవాలి. వెనక్కి వెళ్లే ప్రధాన వైరు 16 చదరపు ఎంఎం వేయాలి. అప్పుడు అదే 35 ఆంపియర్లకు నష్టం 0.4 వోల్టు లోపే. తిరిగి కలిసే అంకె 12.5 కాదు, 13.3 పెట్టండి. ఈ సెల్స్ అడుగంటినా లోడ్ తీయగానే 12.8, 12.9కి తేరుకుంటాయి. 13.3 అంటే ఛార్జింగ్ నిజంగా మొదలైందని అర్థం. కట్ అంకె బ్యాటరీ దగ్గర కొలిచేటట్లయితే 12.2 పెట్టుకోవచ్చు. ఆ పాటికి బ్యాటరీలో మిగిలేది తక్కువే, అక్కడి నుంచి వోల్టేజీ జారుడుబల్ల మీదిలా పడుతుంది.

ఆ 30 ఆంపియర్లు అని రాసిన రిలేను 15 దాటి ఎడతెగకుండా నడపకండి. బోర్డు మీద రాగి గీతలు అంత మోయలేవు.

---

సముద్రపు గాలి

రిలే గురించి ఇంకొక మాట. పంపును, వీహెచ్‌ఎఫ్‌ను, నావిగేషన్ లైట్లను ఆ రిలే గుండా పంపకూడదు. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. బ్యాటరీ ప్రాణం కంటే బోటులో ఉన్న మనుషుల ప్రాణం ముఖ్యం. నడిసముద్రంలో నీళ్లు ఎక్కుతున్నప్పుడు బ్యాటరీని కాపాడాలని పంపు ఆపే రిలే ఎవరికి కావాలి? 16వ ఛానెల్‌లో సాయం అడగాల్సిన సెట్టు కూడా అంతే. ఈ మూడింటికీ ప్లస్ నేరుగా బ్యాటరీ ఫ్యూజ్ తర్వాత నుంచి, ఒక్కోదానికి సొంత ఫ్యూజ్‌తో తీసుకోండి. మైనస్ మాత్రం పీ మైనస్‌కే. రిలే కింద పని లైట్లు, ఫోన్ ఛార్జింగ్ పాయింట్లు, ఎకో సౌండర్ ఉంచితే చాలు. రిలే ముందుగా వీటిని ఆపేస్తే, మిగిలిన కాస్త ఛార్జ్ పంపుకూ సెట్టుకూ దక్కుతుంది. సరంగుకు (బోటు నడిపే పెద్దకు) కూడా లైట్లు ఆరాయంటే తిరిగి రమ్మని గుర్తు.

పంపు మోటారు రెండు తీగల మధ్య ఒక డయోడ్ పెట్టండి, 10 ఆంపియర్లది, గీత ఉన్న వైపు ప్లస్‌కు. మోటారు ఆగినప్పుడు వచ్చే వెనుతిరుగు వోల్టేజీ బీఎంఎస్ మాస్‌ఫెట్లను (కరెంటును కలిపే, తెంచే ఎలక్ట్రానిక్ స్విచ్‌లను) కొడుతుంది. మాస్‌ఫెట్ చెడిపోతే ఎక్కువసార్లు షార్ట్ అయి, ఎప్పుడూ ఆన్‌గానే మిగిలిపోతుంది. అంటే బయటికి అంతా మామూలుగా ఉంటుంది, రక్షణ మాత్రం ఉండదు. పై జవాబులో చెప్పిన డిశ్చార్జ్ ఆఫ్ పరీక్ష నెలకోసారి చేస్తే ఇది దొరుకుతుంది.

ఫ్యూజ్ గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు, అది నాకు నచ్చలేదు. ఈ సెల్స్ షార్ట్ అయితే వేల ఆంపియర్లు ఇస్తాయి. కారు బ్లేడ్ ఫ్యూజ్ తెంచగలిగేది 1,000 ఆంపియర్ల వరకే, ఆపైన లోపల మంట నిలబడిపోవచ్చు. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ కూడా పనికిరాదు. డీసీకి సున్నా దాటే క్షణం ఉండదు కాబట్టి ఆర్క్, అంటే తెగినచోట లేచే నిప్పు, ఆరదు. డీసీ రేటింగ్ రాసి ఉన్న 63 ఆంపియర్ల హెచ్‌ఆర్‌సీ (పెద్ద షార్ట్ కరెంటునూ తెంచగలిగే) ఫ్యూజ్ హోల్డర్‌తో సహా తీసుకుని, బ్యాటరీ ప్లస్ బోల్టుకు జానెడు దూరం లోపు బిగించండి. హార్బర్‌లో బోట్లు ఒకదానికొకటి ఆనించి కట్టి ఉంటాయి. 2023 నవంబరులో ఒక్క రాత్రిలో ఎన్ని బోట్లు కాలిపోయాయో చూశాం. ఆ మంటకు బ్యాటరీలు కారణమని నేను అనడం లేదు. ఒక బోటులో మంట ఒక్క బోటుతో ఆగదు, అంతే.

---

ఫైబర్‌బోటు విశాఖ

అందరికీ ధన్యవాదాలండి. కొలతలు తీశాం.

ఛార్జర్ 18 ఆంపియర్లు ఇస్తుండగా యాప్‌లో 3వ సెల్ 3.68. టెర్మినల్ లోహం మీద మీటరు 3.38 చూపించింది. మిగతా సెల్స్‌కు యాప్, మీటరు రెండూ ఒకటే. లోడ్ మీద యాప్‌లో 3వ సెల్ అందరికంటే తక్కువ. 2కీ 3కీ మధ్య పట్టీ చేత్తో ముట్టుకుంటే వేడిగా ఉంది. విప్పి చూస్తే అల్యూమినియం మీద తెల్లటి పొడి.

దొంగ దారి కూడా దొరికింది. ఎకో సౌండర్ మైనస్ 1వ సెల్ బోల్టుకే ఉంది. దాన్ని పీ మైనస్‌కు మార్చాం.

ఇప్పుడు అతుకు ఎలా శుభ్రం చేయాలి? ఆ తర్వాత ఇంకేమైనా ఉందా?

---

ఓమ్ లెక్క

0.30 వోల్టును 18తో భాగిస్తే దాదాపు 17 మిల్లీఓమ్. బాగున్న అతుకు ఒక మిల్లీఓమ్‌లో చిన్న భాగం ఉండాలి. ఆ ఒక్కచోట 5.4 వాట్ల వేడి పుడుతోంది. 35 ఆంపియర్లు లాగినప్పుడు అక్కడే ఇంకో 0.6 వోల్టు పోతుంది. మీ రిలే కొట్టుకోవడంలో దానికీ వాటా ఉంది.

శుభ్రం చేసే పద్ధతి: ముందు ఫ్యూజ్ తీయండి. బీఎంఎస్ సెన్స్ ప్లగ్ పీకండి. ఈ క్రమం తప్పొద్దు. సెన్స్ ప్లగ్ ఉండగానే మధ్య పట్టీ విప్పితే, బోర్డులో ఆ రెండు పిన్నుల మధ్య మామూలు సెల్ వోల్టేజీకి బదులు మొత్తం ప్యాక్ వోల్టేజీ పడే అవకాశం ఉంది, చిప్ పోతుంది. ఉంగరం, గడియారం తీసేయండి. స్పానర్‌కు పిడి తప్ప మిగతా అంతా టేపు చుట్టండి.

400 నంబరు ఎమరీ కాగితంతో టెర్మినల్ ముఖం, పట్టీ ముఖం లోహం మెరిసేదాకా తోమండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర నిమిషాల్లో మళ్లీ కడుతుంది, అందుకని తోమిన వెంటనే అల్యూమినియం జాయింట్లకు వాడే కాంటాక్ట్ గ్రీజు పలచగా రాసి బిగించేయాలి. పెట్రోలియం జెల్లీ బిగించాక పైన పూయడానికి సరే, మధ్యలో వద్దు. రాగి పట్టీలు తీసేసి నికెల్ పూత ఉన్నవి వేయండి. లేకపోతే ఆరు వారాల్లో మళ్లీ ఇదే కథ. ఆటోనగర్‌లో ప్యానెల్ బోర్డులు కట్టేవాళ్ల దగ్గర పూత పట్టీలు కొలతకు కోయించుకోవచ్చు, 16 చదరపు ఎంఎం లగ్గులు హైడ్రాలిక్ ప్రెస్‌తో నొక్కించుకోవచ్చు. ఎం6 బోల్టు 4 నుంచి 6 న్యూటన్ మీటర్ల టార్క్, సెల్ డేటాషీట్‌లో ఏది రాసి ఉంటే అది. గట్టిగా ఉంటే మంచిదని బలం పెట్టకండి, అల్యూమినియంలో మరలు పీక్కుపోతాయి. ఒక అతుకు చెడిందంటే మిగతావీ దారిలో ఉన్నట్టే, అన్నీ విప్పి చేయండి.

తిరిగి కలిపేటప్పుడు: ముందు సెల్స్, తర్వాత బీ మైనస్ లావు వైరు, ఆ తర్వాత సెన్స్ ప్లగ్. ప్లగ్ దూర్చేముందు మీటరు నల్ల ప్రోబ్ నల్ల వైరు పిన్ను మీద ఉంచి మిగతావి వరసగా చూడండి. దాదాపు 3.3, 6.6, 9.9, 13.2 రావాలి. ఒక్కటి తారుమారైనా ప్లగ్ పెట్టొద్దు.

ఇక మీరు ఊహించని ఒక సంగతి. ఈ ఆరు వారాలూ బ్యాలెన్సర్ 3వ సెల్ ఎక్కువ నిండిందని నమ్మి, ఛార్జింగ్ జరిగిన ప్రతిసారీ దాన్నే ఖాళీ చేస్తూ వచ్చింది. లేని మిగులును తీసేసింది. ఎకో సౌండర్ ప్యాక్‌ని అడుగంటించినప్పుడు అందరికంటే ముందు 3వ సెల్లే 2.1కి పడటానికి కారణం అదే అనుకుంటాను. అతుకు బాగుచేశాక ఛార్జ్ పెట్టి చూడండి, ఈసారి 3వ సెల్ వెనకబడుతుంది.

---

ఫైబర్‌బోటు విశాఖ

మీరు చెప్పినట్టే జరిగిందండి. నికెల్ పూత పట్టీలు వేశాక ఛార్జింగ్ 14.2 దాకా వెళ్లింది. బీఎంఎస్ ఆపినప్పుడు యాప్, మీటరు రెండింట్లోనూ 3.66, 3.60, 3.40, 3.55. ఇప్పుడు 3వదే తక్కువ. నాలుగు సెల్స్ మళ్లీ విప్పి ప్యారలల్ కట్టాలా? 2.1కి పడినందుకు సెల్ దెబ్బతిని ఉంటుందా?

---

గాజువాక ప్యాక్

విప్పనక్కర్లేదు. మిగతా మూడూ నిండుకు దగ్గరగా ఉన్నాయి, ఒక్క 3వదానికే పోస్తే సరిపోతుంది. ఛార్జర్, ఫ్యూజ్, సోలార్ అన్నీ తీసేసి బెంచ్ సప్లై 3.60 వోల్టులు, 5 ఆంపియర్ల హద్దు పెట్టి 3వ సెల్ ప్లస్, మైనస్‌లకు నేరుగా తగిలించు. సప్లై అవుట్‌పుట్ మైనస్ ఎర్త్‌కు కలిసి ఉండని రకం అయి ఉండాలి. 8, 10 ఆంపియర్ అవర్ లోటు ఉందనుకుంటే రెండు గంటల పని. కరెంటు ఒక ఆంపియర్‌కు పడ్డాక తీసేయ్. గట్టు మీద ఛార్జర్ పెట్టి మళ్లీ చూడు. నాలుగూ 3.5 దాటాక ఒకదానికొకటి 0.03 లోపు ఉంటే మిగతాది బ్యాలెన్సర్ చూసుకుంటుంది. మధ్యలో 3.3 దగ్గర అన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఆ అంకెలను చూసి సమానంగా ఉన్నాయనుకోకు. ఈ సెల్ వోల్టేజీ మధ్యలో చదునుగా ఉంటుంది, తేడాలు కొసల్లోనే బయటపడతాయి.

2.1 గురించి: 2.0 కంటే బాగా కిందికి దిగితే లోపలి రాగి కరిగే ప్రమాదం ఉంది, అక్కడ గంటలు గడిస్తే ఇంకా చెడ్డది. మీది అంచు వరకు వెళ్లి వచ్చింది. నింపాక విడిగా 24 గంటలు వదిలి వోల్టేజీ చూడు. నాలుగూ ఒక్కలాగే కిందికి దిగి 3.33 నుంచి 3.40 మధ్య నిలబడితే సంతోషం. 3వది ఒక్కటే రోజురోజుకూ దిగుతూ ఉన్నా, పక్కలు ఉబ్బినా మార్చేయాలి. ఇంకెప్పుడైనా 2.5 కిందికి పోయిన సెల్‌ని 20 ఆంపియర్లతో లేపకు. 3.0 వచ్చేదాకా 2 ఆంపియర్లు చాలు.

మూడో ఇబ్బంది మిగిలింది కదా. బీఎంఎస్ కట్ చేశాక బయట నుంచి చూస్తే బ్యాటరీ లేనట్టే. మీ కంట్రోలర్ లేవడానికే బ్యాటరీ వోల్టేజీ కావాలి, అది కనిపించక నిద్రపోయింది. కాస్త తెలివైన ఛార్జర్లు కూడా ఇదే చేస్తాయి. మీ గట్టు ఛార్జర్ నేరుగా వోల్టేజీ తోసే రకం కాబట్టి పనిచేసింది. సముద్రంలో జరిగితే ఇంజిన్ బ్యాటరీ ప్లస్ నుంచి ఒక 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు సిరీస్‌లో పెట్టి ప్యాక్ ప్లస్‌కు, మైనస్ పీ మైనస్‌కు తగిలించు. బల్బు కరెంటును 4, 5 ఆంపియర్లు దాటనివ్వదు. బీఎంఎస్ తెరుచుకోగానే కంట్రోలర్ లేస్తుంది. బల్బు లేకుండా నేరుగా కలపొద్దు.

దీనికంటే ముఖ్యం, పై హద్దు దగ్గర రోజూ బీఎంఎస్‌తో కట్ చేయించుకోకపోవడం. ఎండలో ప్యానెల్ తోస్తుండగా బీఎంఎస్ ఛార్జింగ్ ఆపితే, పీడబ్ల్యూఎం కంట్రోలర్‌కు ఆనుకోవడానికి బ్యాటరీ ఉండదు. ప్యానెల్ ఖాళీ వోల్టేజీ 21, 22 దాకా పల్సులుగా లైను మీదికి వచ్చి ఎకో సౌండర్‌ను కాల్చేయగలదు. అందుకే కంట్రోలర్ తనంతట తాను ముందే ఆగాలి. లిథియం మోడ్‌లో 14.2, ఫ్లోట్ (నిండాక పట్టి ఉంచే వోల్టేజీ) 13.5, ఈక్వలైజ్ (అప్పుడప్పుడు ఎక్కువ వోల్టేజీ తోయడం) పూర్తిగా ఆఫ్. లెడ్ యాసిడ్ మోడ్‌లో ఈక్వలైజ్ 14.6 దాటిపోతుంది. బ్యాటరీ ముందు కలిపి తర్వాత ప్యానెల్, తీసేటప్పుడు ప్యానెల్ ముందు. బీఎంఎస్‌లో సెల్ పై హద్దు 3.65, అడుగు 2.8, తిరిగి తెరిచేది 3.0, డిశ్చార్జ్ హద్దు 60 ఆంపియర్లు 10 సెకన్ల ఆలస్యంతో, బ్యాలెన్స్ మొదలు 3.45, ఛార్జింగ్‌లో మాత్రమే. ఈ బోర్డుల మీద 100 ఆంపియర్లని రాసినా 60కి మించి నమ్మను.

---

సముద్రపు గాలి

బోర్డుకు ఉష్ణోగ్రత చెప్పే ఎన్‌టీసీ వైరును కూడా సెల్స్ మధ్యలో అంటించండి, గాలిలో వేలాడదీయకండి. ఆ వైరు తెగితే బోర్డుకు మైనస్ 40 డిగ్రీల లాంటి చలి కనిపించి ఛార్జింగ్ ఆపేస్తుంది. కారణం తెలియక బోర్డు మార్చేస్తారు. యాప్‌లో ఉష్ణోగ్రత చూస్తే చాలు.

బోర్డుకు యాక్రిలిక్ కన్ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా కాపాడే పూత) రెండు పలచని పొరలు. అల్యూమినియం హీట్ సింక్ మీద, ప్లగ్ పిన్నుల మీద పడకుండా టేపు వేయండి. వైరు వీలైతే తగరం పూత రాగిది. మామూలు రాగి వైరులో ఉప్పు తేమ తొడుగు కింద మూరెడు దూరం పాకి లోపల నల్లబడుతుంది, లగ్గు పైకి మెరుస్తూనే ఉంటుంది.

వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. బోటు గట్టున ఉంటుంది, బ్యాటరీని ఎవరూ పట్టించుకోరు. బ్లూటూత్ బీఎంఎస్ తన కోసం 20 మిల్లీఆంపియర్లు తాగుతుందనుకుంటే 61 రోజులకు 29 ఆంపియర్ అవర్. రిలే కాయిల్ కలిసి ఉంటే 100 మిల్లీఆంపియర్ల లెక్కన 146, అంటే మీ బ్యాటరీ మొత్తం కంటే ఎక్కువ. నిషేధం మొదలయ్యే రోజున సగానికి కాస్త పైన, 60 శాతం దగ్గర ఉంచి, ఫ్యూజ్ తీసి, సెన్స్ ప్లగ్ కూడా పీకి, బ్యాటరీని ఇంటికి తెచ్చేయండి. నిండుగా నింపి మే నెల ఎండలో అరలో వదిలేస్తే సెల్స్ ముసలివైపోతాయి. జూన్‌లో తిరిగి పెట్టేటప్పుడు పిన్నుల వోల్టేజీలు వరసగా చూసుకుని ప్లగ్ పెట్టండి, బోల్టులు టార్క్ రెంచ్‌తో మరోసారి చూడండి. ప్లగ్ పెట్టాక బోర్డు లేవకపోతే కంగారు పడొద్దు, చాలా బోర్డులు గట్టు మీద ఛార్జర్ ఒకసారి తగిలిస్తేనే తెరుచుకుంటాయి.

---

ఫైబర్‌బోటు విశాఖ

3వ సెల్‌కు విడిగా రెండు గంటల పదిహేను నిమిషాలు పెట్టాం. ఇప్పుడు 14.2 దగ్గర 3.55, 3.56, 3.54, 3.55. 24 గంటల తర్వాత నాలుగూ 3.36. మాడ్యూల్ ముందు అరలోకి మార్చాం, 16 చదరపు ఎంఎం వేశాం, పంపు, వీహెచ్‌ఎఫ్, నావిగేషన్ లైట్లు రిలే నుంచి తప్పించాం. పంపు వేస్తే మాడ్యూల్ తెర మీద 13.0 కంటే తగ్గడం లేదు. ఫ్యూజ్ హోల్డర్ రేపు బిగిస్తాం, అది బిగించే దాకా బోటు కదలదు.